శుభలేఖలో “మా” అనే మాట
కుటుంబ స్థితిగతులను బట్టి వివాహ ఆహ్వాన రచన

శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు

తొలి శుభలేఖను భద్రాద్రి రామయ్య పాదాల చెంత ఉంచి, ఆ తరువాతనే బంధుమిత్రులకు పంచే ఆచారం ఈ ప్రాంతపు పలు కుటుంబాలలో ఉన్నది. నాలుగు మూలలా పసుపు అలదిన ఆ పత్రిక ముహూర్తాన్ని మాత్రమే తెలుపదు. ఎవరి బిడ్డను ఎవరికి ఇస్తున్నారో, ఆ బిడ్డ వెనుక పెద్దదిక్కుగా ఎవరు నిలిచి ఉన్నారో పదిమందికి తెలుపుతుంది. తల్లిదండ్రులిద్దరూ ఉన్న ఇంట ఆ వ్రాత సులభం. తండ్రి గతించిన ఇంట, మేనమామ పెంచిన ఇంట, దంపతులు వేరుపడిన ఇంట కలం ఆగిపోతుంది. పాత నమూనాలో పేర్లు మాత్రం మార్చి అచ్చు వేయించినచో, ఉండవలసిన పేరు ఒకటి జారిపోవచ్చు. ఆ నొప్పి పెండ్లి ముగిసినా మిగిలిపోతుంది. కనుక ఈ విషయమును కొంత వివరముగా తెలిసికొందము.

జనక మహారాజు పంపిన ఆహ్వానం

వాల్మీకి రామాయణ బాలకాండలో సీతారాముల వివాహానికి ఆహ్వానం దూతల ద్వారా వెళ్లింది. మిథిల నుండి బయలుదేరిన దూతలు మార్గంలో మూడు రాత్రులు గడిపి అయోధ్య చేరారు. ఆహ్వానించుచున్నది ఎవరు, కన్య ఎవరు, వరుడు ఆమెను ఎట్లు గెలుచుకొన్నాడు, ఏ పెద్దల అనుమతితో పిలుచుచున్నారు అనే విషయాలన్నీ ఆ సందేశంలో ఉన్నాయి. నేటి శుభలేఖకు కావలసిన అంగములు కూడ ఇవియే.

మరి రెండు విశేషాలు గమనింపదగినవి. సీతమ్మ జనకునికి నాగేటి చాలులో లభించిన బిడ్డ. ఆయన ఆ విషయాన్ని దాచలేదు. అయినను ఆమెను తన కుమార్తెగానే చెప్పుకొన్నాడు. దశరథుని వంశాన్ని వసిష్ఠుడు వివరించగా, తన వంశాన్ని జనకుడు స్వయముగా చెప్పి, స్వర్గస్థుడైన తండ్రి హ్రస్వరోముని గౌరవముతో స్మరించాడు. పెంచినవారి హక్కు, గతించినవారి స్మరణ అను రెండును ఆ కల్యాణ ప్రసంగంలోనే ఉన్నాయి.

సాధారణ రచన

తల్లిదండ్రులిద్దరూ ఆహ్వానించునపుడు ఇట్లు వ్రాయుట వాడుక:

“స్వస్తిశ్రీ చాంద్రమాన …… నామ సంవత్సర …… మాస …… తిథి …… వారము …… గంటలకు …… నక్షత్రయుక్త …… లగ్నమందు మా జ్యేష్ఠ పుత్రిక చి.ల.సౌ. ……ను, …… వాస్తవ్యులు శ్రీమతి, శ్రీ …… దంపతుల కనిష్ఠ పుత్రుడు చి. ……కు ఇచ్చి వివాహము జరిపించుటకు దైవజ్ఞులు నిశ్చయించినారు. కావున తాము సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మదర్పిత చందన తాంబూలాదులను స్వీకరింప ప్రార్థన.”

వరుని పక్షమువారు “ఇచ్చి” అనక, “మా పుత్రుడు చి. …… వివాహము చి.ల.సౌ. ……తో” అని వ్రాయవలెను. పత్రికకు మూలం “మా” అనే మాట. క్రింద సంతకము ఎవరిదో, ఈ “మా” వారిదే. కనుక ముందు ఆహ్వానించువారి పేరు నిర్ణయించుకొని, తరువాత మొదటి పంక్తి వ్రాయవలెను. తక్కిన చిక్కులు చాలవరకు దీనితోనే విడిపోతాయి.

తండ్రి గతించినపుడు

గతించినవారి పేరు ఆహ్వానించువారి స్థానంలో ఉండరాదు. బిడ్డకు గుర్తింపుగా ఉండవలెను. “కీ.శే. …… గారి మరియు నా ప్రథమ పుత్రిక” అని వ్రాసి, క్రింద తల్లి పేరు “శ్రీమతి ……” అని ఉంచుట ఉత్తమం. కొన్ని ఇండ్లలో భర్తను కోల్పోయిన తల్లి పేరును తీసివేసి, పెదతండ్రి పేరుతోనో అన్న పేరుతోనో పత్రిక వేయుచున్నారు. కష్టపడి బిడ్డను పెంచిన తల్లిని ఆ బిడ్డ శుభలేఖ నుండే తొలగించుట ధర్మమనిపించుకొనదు. కన్యాదానము పెదతండ్రి దంపతులు చేసినను, ఆహ్వానము తల్లి పేరున ఉండవచ్చును. పెదతండ్రి పేరు ఆమె పేరు ప్రక్కనే చేర్చవచ్చును. తండ్రి ఫోటో వేయదలచినవారు పైభాగమున “కీ.శే. …… గారి దివ్యాశీస్సులతో” అని ఉంచుదురు.

తల్లిదండ్రులిద్దరూ లేనపుడు

పెంచినవారే ఆహ్వానించువారు. తాతగారైనచో “మా పౌత్రి” (కుమారుని కుమార్తె) లేక “మా దౌహిత్రి” (కుమార్తె కుమార్తె), పెదతండ్రియైనచో “మా సోదరుని పుత్రిక”, మేనమామయైనచో “మా మేనకోడలు”, అన్నయైనచో “మా సోదరి” అని వ్రాసి, వెంటనే “కీ.శే. …… దంపతుల పుత్రిక” అని చేర్చవలెను. కుశధ్వజుని కుమార్తెలైన మాండవీ శ్రుతకీర్తులను భరత శత్రుఘ్నులకు ఇచ్చుటకు మాట ఇచ్చినది పెదతండ్రియైన జనకుడే. దత్తత బిడ్డకు “మా పుత్రిక” అను మాటే చాలును. “దత్త” అని అచ్చు వేయనక్కరలేదు.

తల్లిదండ్రులు వేరుగా ఉన్నపుడు

ఇద్దరూ కలిసి ఆహ్వానించుటకు అంగీకరించినచో “దంపతులు” అనక, ఇద్దరి పేర్లను రెండు పంక్తులలో విడివిడిగా వ్రాయవలెను. ఒక్కరే పెంచినచో వారి పేరే చాలును. రెండవవారి పేరు వారి సమ్మతి లేక చేర్చుటయు, వారిని “కీ.శే.” అనుటయు తగవు. బిడ్డ మనసులో ఏమున్నదో ముందుగా అడిగి తెలిసికొనుట మేలు.

పునర్వివాహము

“చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి” అనునది ఆశీర్వచనము. అది ప్రతి వధువునకు చెల్లును. పూర్వ వివాహ విషయము ఇరు కుటుంబాలకు తెలిసి ఉండవలెను. పత్రికపై అవసరము లేదు. ఈ గోదావరి దిగువననే రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించారు. ఆ దంపతులకు ఆనాడు అండగా నిలిచినవారు కొద్దిమంది. నేడు అటువంటి పత్రికపై మన పేరు చేర్చుటకు వెనుకాడరాదు.

గోత్రము, వయస్సు, పేర్లు

దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ కుటుంబాలలో సంబంధం కలుపుకొనునపుడు గట్టు చూస్తారు. అచ్చు నమూనాలో గోత్రమునకు చోటు ఉన్నదని లేని గోత్రమును కల్పింపనక్కరలేదు. గట్టు పేరు వ్రాయవచ్చును. లేదా ఇంటిపేరు, ఊరిపేరుతో సరిపెట్టవచ్చును.

అచ్చుకు ముందే వధువునకు 18, వరునికి 21 సంవత్సరములు నిండినవో లేదో చూడవలెను. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టము అట్టి వివాహమును జరిపించినవారిని, ప్రోత్సహించినవారిని కూడ శిక్షార్హులను చేయుచున్నది. వివాహ నమోదు సమయమున శుభలేఖను అడుగుట కద్దు. కనుక ముద్దుపేరు వేసినను, ధ్రువపత్రములలోని పూర్తి పేరు తప్పక ఉండవలెను. నమూనా ప్రతిని ఇరుపక్షముల పెద్దలు ఒకసారి బిగ్గరగా చదివి వినిపించుకొన్నచో, జారిన పేరు అక్కడే తెలియును.

శ్రీరామనవమి నాడు భద్రాద్రిలో సీతమ్మవారికి మూడు మంగళసూత్రములు. ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది, మూడవది నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న, మన భక్త రామదాసు, అమ్మను కన్నకూతురుగా భావించి చేయించినది. కనలేదు, పెంచలేదు, అయినను ఆ అభిమానమునకు కల్యాణ వేదికపై చోటు దక్కినది. మన ఇంటి శుభలేఖలో కూడ ఆ బిడ్డను తమదిగా భావించి నిలిచిన ప్రతివారికి ఒక పంక్తి చోటు ఉండుగాక. సీతారాముల అనుగ్రహమున నూతన దంపతులు చిరకాలము వర్ధిల్లుదురు గాక.

శుభం భూయాత్.