పాట కట్టినవాళ్ల పేరు చెప్పు

బిడ్డా,

ఉత్తరం అందింది. కూలీల సభలో పాడమన్నారని తెలిసి చాలా సంతోషపడ్డాను. ఏ పాట పాడాలని అడిగావు. ముందు కొన్ని మాటలు విను.

‘బండెనక బండి కట్టి’ గద్దర్ పాటే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో. అది నిజాం మీద పల్లెలు తిరగబడ్డ రోజుల్లో బండి యాదగిరి కట్టింది. 1979 నాటి ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతున విన్నాక, ఆ పోరాటం నాటికి పుట్టనివాళ్లూ దాన్ని తమదే అనుకున్నారు. తెలంగాణ ఉద్యమంలో మళ్లీ లేచింది. పాట తరాలు దాటింది గానీ కట్టినవాడి పేరు దారిలోనే జారిపోయింది. పాడేముందు ఆ పేరు చెప్పు, నిమిషం కూడా పట్టదు.

అదే పోరాటంలో పాటలు కట్టిన సుద్దాల హనుమంతు కొత్త కళ కోసం వెతకలేదు. ఊరికి తెలిసిన గొల్లసుద్దుల్లోనే వెట్టిచాకిరీ గోస చెప్పాడు. బాణీ పాతదే కాబట్టి జనం మాటను వెంటనే అందుకున్నారు. అటు గుంటూరు వైపు నాజర్ బుర్రకథలోనూ అంతే. వంతల్లో ఒకరు నవ్విస్తే ఇంకొకరు ఆనాటి రాజకీయం చెప్పేవారు.

నువ్వే పాట కడితే, దాని పల్లవి కూడా రెండోసారికే కూలీల నోట రావాలి. నాట్లేసే ఆడవాళ్ల దగ్గర కూర్చుని రాగం పట్టు. వీడియో తర్వాత తీసుకోవచ్చు, ముందు వాళ్లకే వినిపించు. “మేం ఇట్లా అనం” అంటే దిద్దుకో. కూలి రేటు తప్పు చెప్పావా, పాట అక్కడే పడిపోతుంది.

పాట కట్టేవాళ్ల బతుకు గురించి ఇంకోటి చెప్పడానికి మనసు కష్టంగా ఉంది. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరల మీద పాట రాసి జైలుకెళ్లాడు, 1952లో మద్రాసులో పేదరికంలోనే పోయాడు. మన దగ్గర 2014 తర్వాత, ఉద్యమంలో పాడిన చాలామంది ప్రభుత్వ కళాకారుల సంస్థ సాంస్కృతిక సారథిలో కొలువుకు చేరారు. వాళ్లను నిందించను. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పాడినవాళ్లు, వాళ్లకూ పిల్లలున్నారు. కానీ జీతమిచ్చే సర్కారునే నిలదీసే పాట కట్టడం ఎంత కష్టమో ఇప్పుడే ఆలోచించుకో. ఎన్నికలప్పుడు ప్రచారబండి మీద పాడమని డబ్బుతో వచ్చేవాళ్లూ ఉంటారు. అందుకే డిగ్రీ మానకు. బతకడానికి వేరే పని ఒకటి చేతిలో ఉంచుకో.

సభలో ఒక్కదానివే పాడకు. వంతకు ఇద్దరిని చూసిపెట్టు. డప్పు నేను తెస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న