పాత ప్రోగ్రాములు – క్రొత్త కంప్యూటరులు

గత వేసవి సెలవులలో మేము మన పాఠశాల పూర్వ సంచికలు దాచియుంచిన సీడీలను క్రొత్త కంప్యూటరులో పెట్టి చూచితిమి. తెలుగునకు మారుగా అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు తెరనిండ కనబడెను. వానిలో కొన్ని సంచికలకు అచ్చుప్రతి యొక్కటియు మిగులలేదు. కావున ఈ విషయమును శ్రద్ధతో విచారింపవలసి వచ్చెను.

కారణ మేమనగా, కంప్యూటరు అక్షరములను సంఖ్యలుగా దాచుకొనును. అను ఫాంట్లవంటి పాత పద్ధతులలో ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములు తొడిగిరి. ఆ ఫాంటు లేనిచో తొడుగు ఊడి, లోపలి ఇంగ్లీషు అక్షరమే బయటపడును. యూనికోడునందు అట్లు కాదు. 'అ'కు 3077, 'క'కు 3093 అని ప్రత్యక్షరమునకును సొంత సంఖ్య గలదు.

పాతవానిని తెరచుటకు మార్గములు మూడు. మొదటిది, పాత ప్రోగ్రామును, ఫాంటును క్రొత్త యంత్రములోనే స్థాపించుట. విండోసునందలి కంపాటిబిలిటీ అమరిక దీనికి కొంత తోడ్పడును. అయితే 16 బిట్ల ప్రోగ్రాములు 64 బిట్ల విండోసులో నడువవు. రెండవది, వర్చువల్ బాక్సువంటి సాధనముతో కంప్యూటరులోపల మరియొక కంప్యూటరును కల్పించి, అందు విండోస్ ఎక్స్‌పీని నడుపుట. 2001లో వెలువడిన పేజ్‌మేకర్ 7.0 ఇందు చక్కగా పనిచేయును. ఎక్స్‌పీకి రక్షణ సవరణలు 2014 ఏప్రిల్ 8తో నిలిచిపోయినవి గనుక దానిని ఇంటర్నెట్టునకు కలుపరాదు. లైసెన్సు లేని ప్రతిని వాడుటయు తగదు. మూడవది, వ్రాతను యూనికోడులోనికి మార్చుట.

మేము రెండవ మార్గమున చదివి, మూడవ మార్గమున భద్రపరచితిమి. మార్పునందు ఒత్తులు తారుమారగుట కలదు. కావున రెండు తెరలను ప్రక్కప్రక్కన నుంచి పంక్తి పంక్తిని సరిచూచితిమి. నాలుగు సంచికలు దక్కినవి. ఒక సీడీ మాత్రము గీతలుపడి తెరువబడలేదు. దానిలోని బాలుర వ్రాతలు ఏ ప్రోగ్రామునకును అందకుండ పోయినవి.

పాతదే చాలునని యెంచకుడు. మన జైనూరునకు దాపున నున్న గుంజాల గ్రామపు వ్రాతప్రతులలో వెలుగుచూచిన గోండి లిపికి 2018లో యూనికోడున స్థానము లభించెను. 2001 నాటి ఎక్స్‌పీ ఈ లిపిని ఎరుగదు. పాత యంత్రము పాతవ్రాతను చదువుటకు. క్రొత్త యంత్రము దానిని నిలుపుటకు.

మీ యిండ్లలో తాతల కథలో, పాటలో, లెక్కలో పాత ఫాంట్లలో టైపుచేసి యున్నచో, యంత్రము చెడకమునుపే రెండు చోట్ల ప్రతులు తీసి, ఫాంటు పేరును కాగితముపై వ్రాసియుంచుడు. అచ్చుప్రతి యొకటి తీసి దాచుడు. దానిని చదువుటకు కన్నులు చాలును.