అమ్మకు నాన్న దగ్గు వినిపిస్తోంది... ఇది జబ్బేనా?

ప్రశ్న: నాన్న పోయి నాలుగు నెలలైంది. అమ్మ రోజూ పొద్దున్నే ఆయన ఫొటో ముందు కాఫీ పెట్టి కబుర్లు చెబుతుంది. వరండాలో ఆయన దగ్గినట్టు వినిపించిందంటుంది. మతి చలించిందేమోనని అన్నయ్య భయం. ఇది మానసిక రోగమేనా?

జవాబు: మీరు రాసినంతవరకూ చూస్తే కాదమ్మా. ఏళ్ల తరబడి కలిసి బతికిన మనిషి పోయాక దగ్గో, చెప్పుల చప్పుడో వినిపించడం చాలామందికి జరిగేదే. వింతగా కనిపించిందల్లా రుగ్మత కాదు. అది మనిషిని ఎంత బాధపెడుతోంది, తిండీ నిద్రా పనీ దెబ్బతిన్నాయా, ఎన్నాళ్లుగా ఉంది, వాళ్ల ఆచారాల్లో మామూలేనా... మేం చూసేవి ఇవీ. పోయినవాళ్ల ఫొటో ముందు కాఫీ పెట్టడం మన ఇళ్లలో కొత్తేం కాదు కదా!

దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అని ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం దానికి కనీసం 6 నెలలు దాటాలి. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2022లో తెచ్చిన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5-టీఆర్ పెద్దవాళ్ల విషయంలో 12 నెలలంటుంది. ఒకే దుఃఖానికి రెండు గడువులు! రక్తపరీక్షలో తేలేవి కావివి, నిపుణులు చర్చించి గీసుకున్న గీతలు.

అయితే ఆవిడ తిండి మానేసినా, ‘నేనూ ఆయన దగ్గరికే పోతా’ అన్నా గడువులు లెక్కపెట్టకండి. వెంటనే సైకియాట్రిస్టుకు చూపించండి. టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.