తాత చెప్పిన కథ, పుస్తకం చెప్పిన తేదీ: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: గిరిజన తిరుగుబాట్ల పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఇళ్లలో పెద్దలు చెప్పిన కథలు తరగతికి తెస్తున్నారు. ఆ కథల్లో 1879 నాటి రంప పితూరీ, 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం ఒకటిగా కలిసిపోయి ఉంటున్నాయి. వాటిని తప్పని దిద్దాలా, పాఠంలో కలుపుకోవాలా? (కూనవరం వైపు నుంచి ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు)

జవాబు: దిద్దడానికీ కలుపుకోవడానికీ ముందు చేయవలసిన పని ఒకటుంది. ఆ కథ ఏ తరహా ఆధారమో పిల్లలకు తెలియాలి. ఒక సంఘటన జరిగిన కాలంలోనే దానిని చూసినవారో, అందులో పాల్గొన్నవారో వదిలివెళ్లిన రాతలను, వస్తువులను చరిత్రకారులు ప్రాథమిక ఆధారాలు అంటారు. తరం నుంచి తరానికి నోటిమాటగా అందిన దానిని మౌఖిక సంప్రదాయం అంటారు. మొదటిది నిజం, రెండవది కట్టుకథ అనే విభజన చరిత్రశాస్త్రంలో లేదు. రెండింటినీ ఒకే ప్రశ్నలతో పరీక్షించాలి: ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెప్పకుండా వదిలినది ఏమిటి.

రంప పితూరీ విషయంలో ఈ పరీక్ష ఎంతో ఫలవంతంగా సాగుతుంది. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1860లో నిజాము నుంచి బ్రిటిష్ వారి చేతికి వచ్చి మధ్య పరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు మారాయి. మధ్య పరగణాల పాలనలో గొడ్డలికి నాలుగణాల చొప్పున చెల్లించి పోడు కొట్టుకోగలిగిన కొండవాసులకు, మద్రాసు పాలన వచ్చాక శిస్తు మూడింతల వరకు పెరగడమే కాక, కొన్ని అడవుల్లో పోడు చేయడమే నిషిద్ధమైంది; అటు రంప ప్రాంతంలో స్థానిక పాలకుడైన మన్సబుదారు వసూలు చేసిన చిగురుపన్ను అనే కల్లు పన్ను, సొంత అవసరానికి కల్లు గీసుకునే హక్కు మీద పడిన ఆంక్షలు, గుత్తేదారుల దౌర్జన్యం కలిసి 1879 మార్చిలో తిరుగుబాటు రగిలి, రేకపల్లి వైపుకూ పాకింది. ఇంత వివరంగా తెలియడానికి కారణం అధికారుల నివేదికలే. అయితే ఆ నివేదికలు రాసినవారు తిరుగుబాటును అణచడానికి వచ్చినవారు. తిరగబడినవారు కాగితం మీద ఏమీ పెట్టలేదు. వారి పక్షాన మిగిలినది ఇప్పుడు తాతలు చెబుతున్న కథే.

‘పితూరీ’ అనే మాటతోనే పాఠం మొదలుపెట్టవచ్చు. నేటి పిల్లలకు పితూరీ అంటే ఒకరి మీద మరొకరు పెద్దలకు చాడీ చెప్పడం. ఆనాటి కచేరీ భాషలో అది ప్రభుత్వం మీద తిరగబడడం. ఒక పోరాటానికి ఆ పేరు పెట్టినది ఎవరు, కొండల్లో ఉన్నవారు దానిని ఏమని పిలుచుకొని ఉంటారు అని అడిగితే, ఆధారానికి ఒక వైపు ఉంటుందనే సంగతి ఏ నిర్వచనమూ లేకుండానే పదో తరగతి విద్యార్థికి అర్థమవుతుంది.

ఇక రెండు కాలాలు కలిసిపోవడానికి కారణం మనస్తత్వశాస్త్రంలో దొరుకుతుంది. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషు విద్యార్థుల చేత చదివించి, కొన్ని రోజులకూ కొన్ని నెలలకూ మళ్లీ చెప్పించి, ఆ ఫలితాలను 1932లో ప్రచురించాడు. చెప్పేకొద్దీ కథ చిన్నదైంది, అర్థం కాని భాగాలు రాలిపోయాయి, ఆదివాసుల దోనె మామూలు పడవగా, సీలు జంతువుల వేట చేపల వేటగా మారాయి. జ్ఞాపకం పెట్టెలో దాచిన వస్తువులా చెక్కుచెదరకుండా ఉండదనీ, తలచుకున్న ప్రతిసారీ మనసు తనకు అలవాటైన చట్రంలో దానిని తిరిగి కట్టుకుంటుందనీ ఆయన తేల్చాడు. ఈ చట్రాన్నే మనస్తత్వశాస్త్రంలో స్కీమా అంటారు. నలభై మూడేళ్ల ఎడంతో ఒకే కొండల్లో, ఒకే విధమైన బాధల మీద రెండు పోరాటాలు జరిగినప్పుడు, మూడు నాలుగు తరాల తరువాత అవి ఒకే కథగా అల్లుకోవడం తాత తప్పు కాదు, మనిషి జ్ఞాపకం పనిచేసే తీరు. తేదీల కోసం నివేదికను, బాధ ఏమిటో తెలియడం కోసం తాత కథను ఆశ్రయించి, రెండూ విభేదించిన చోట ఎందుకు విభేదించాయో పిల్లల చేతనే రాయించడం ఉత్తమం.

కోయల వంశ చరిత్రలను గుడ్డ మీద బొమ్మలుగా వేసిన పడిగెల సాయంతో డోలీ వాయించే కళాకారులు పాడుతూ వచ్చారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన అటువంటి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించిందంటే, ఆ పాటను దేశం ఒక విద్యగా గుర్తించినట్టే. తరగతి గది కూడా గుర్తించాలి.

ప్రశ్న: కాలక్రమం పిల్లల తలకెక్కడం లేదు. తేదీలు బట్టీ పట్టి మరునాటికి మరిచిపోతున్నారు. ఏదైనా మార్గం ఉందా? (దుమ్ముగూడెం మండలం)

జవాబు: ఈ సరిహద్దు గ్రామాల పిల్లలకు కాలక్రమం నేర్పడానికి సొంత ఊరి చిరునామాకు మించిన పరికరం లేదు. రేకపల్లి వంటి ఊరు కదలకుండా ఉన్న చోటనే ఉండి 1860 వరకు నిజాము రాజ్యంలో, 1874 వరకు మధ్య పరగణాలలో, ఆపైన మద్రాసు రాష్ట్రంలో, 1953 నుంచి ఆంధ్ర రాష్ట్రంలో, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 1959లో తూర్పు గోదావరి జిల్లా వదిలి ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో పోలవరం ముంపు మండలాల బదిలీతో మళ్లీ తూర్పు గోదావరికి వెళ్లి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో పడింది. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. ఇంట్లో ఉన్న పాత పట్టా, రేషన్ కార్డు, నాయనమ్మ నోట వచ్చే పాత జిల్లా పేరు ఈ తేదీలతో గీసిన కాలరేఖ మీద ఎక్కడ కూర్చుంటాయో పిల్లలు స్వయంగా గుర్తించినప్పుడు తేదీ ఒక అంకెగా కాక ఒక కారణంగా మిగులుతుంది.

మరుపు సంగతికి వస్తే, రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాన్ని ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవాలి. ఒక పాఠాన్ని పదేపదే చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నవారు వారం తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. ఆశ్రమ పాఠశాల సాయంకాలపు చదువులో గొంతెత్తి వల్లె వేయించే సమయంలో సగం, పుస్తకం మూసి రాసుకోవడానికి కేటాయిస్తే చాలు.

ప్రశ్న: మనస్తత్వశాస్త్రం హైస్కూలు పాఠ్యప్రణాళికలో లేదు. లేని సబ్జెక్టును ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చెప్పాలనడం భారం కాదా? (ఇల్లందు)

జవాబు: విచిత్రమేమంటే, ప్రతి హైస్కూలు ఉపాధ్యాయుడూ బీఈడీలో ఈ శాస్త్రం చదివి, టెట్‌లో శిశు వికాసం మీద ప్రశ్నలకు జవాబులు రాసి వచ్చినవాడే, ఎవరి మనసు గురించి అంత చదువు సాగిందో ఆ పిల్లలకు మాత్రం అందులో ఒక్క పేజీ కూడా అందడం లేదు. ఇది సరిదిద్దవలసిన లోటు. మనస్తత్వశాస్త్రం అంటే ఎదుటివారి మనసులోని మాట కనిపెట్టే విద్య కాదనీ, మనుషుల ప్రవర్తనను, ఆలోచనను, జ్ఞాపకాన్ని పరిశీలన ద్వారా, ప్రయోగం ద్వారా తెలుసుకునే శాస్త్రమనీ పద్నాలుగేళ్ల పిల్లలు నిక్షేపంగా గ్రహించగలరు.

అందుకు వేరే పీరియడు అక్కరలేదు, చరిత్ర పీరియడే చాలు. ఒక చిన్న కథను మొదటి బెంచీ విద్యార్థి చెవిలో చెప్పి, ఒకరి నుంచి ఒకరికి చివరి బెంచీ దాకా పంపి, మొదటి రూపాన్నీ చివరి రూపాన్నీ నల్లబల్ల మీద పక్కపక్కన రాస్తే, ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ 1947లో పుకార్ల మీద రాసిన పుస్తకంలోని ప్రధాన సూత్రాలు తరగతి కళ్ల ముందే రుజువవుతాయి: వివరాలు రాలిపోతాయి, మిగిలిన ఒకటి రెండు వివరాలు పదునెక్కుతాయి, వినేవారి అపేక్షలకు తగినట్టు కథ ఒదుగుతుంది. ఫోనులో వచ్చిన వార్తను నమ్మి ఊళ్లోకి వచ్చిన కొత్త మనిషిని అనుమానించే ఈ రోజుల్లో ఈ అరగంట ప్రయోగం విలువ ఎంతో చెప్పనక్కరలేదు.

ప్రశ్న: కోయ పిల్లలు చరిత్ర తరగతిలో నోరు విప్పడం లేదు. వారికి విషయం అందడం లేదని భావించవచ్చా? (చర్ల మండలం నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: భావించరాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాష ఆధారంగా చదువు చెప్పే కార్యక్రమం ప్రారంభమైనా, అది ప్రాథమిక తరగతులకు ఉద్దేశించినది. హైస్కూలుకు వచ్చేసరికి కోయ పిల్లవాడు సామ్రాజ్యవాదం, జాతీయోద్యమం వంటి మాటలను మరొక భాషలో, అదీ గ్రాంథికానికి దగ్గరైన తెలుగులో ఎదుర్కొంటాడు. ఆ మౌనంలో ఎంత భాగం భాషకు చెందినదో, ఎంత భాగం విషయానికి చెందినదో విడదీయకుండా తెలివి మీద తీర్పు చెప్పడం అన్యాయం.

ఈ అన్యాయానికి మనస్తత్వశాస్త్ర చరిత్రలోనే ఒక హెచ్చరిక ఉంది. అలెగ్జాండర్ లూరియా 1931, 1932 సంవత్సరాల్లో ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో చదువురాని రైతులకు సుత్తి, రంపం, దుంగ, గొడ్డలి చూపించి, వీటిలో ఏది కలవదని అడిగితే, పనిముట్లన్నిటినీ ఒకటిగా చేసి దుంగను తీసేయడానికి వారు ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే రంపంతో, గొడ్డలితో పనేమిటని ఎదురడిగారు. దీనిని ఆలోచనా శక్తి లోపంగా చదవడం సులువు. నిజానికి అది వస్తువులను వర్గాలుగా కాక పనిలో ఉన్న సంబంధంతో కూర్చే మరొక తర్కం. బడికి వెళ్లినవారు మొదటి పద్ధతికి అలవాటు పడతారు, అంతే. గొడ్డలికీ దుంగకూ ఉన్న సంబంధం అడవి అంచున పెరిగిన పిల్లలకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

ఆచరణలో ఉపయోగపడేది ఒకటే: ప్రశ్న వేసిన వెంటనే జవాబు ఆశించకుండా, ఇద్దరు ముగ్గురు కోయలో మాట్లాడుకోవడానికి అయిదు నిమిషాలిచ్చి, తరువాత ఒకరి చేత తెలుగులో చెప్పించాలి. ఉపాధ్యాయురాలికి కోయ రాకపోవడం అడ్డంకి కాదు, ఆ అయిదు నిమిషాలను అల్లరిగా చూడకపోతే చాలు.

ప్రశ్న: ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయ కుటుంబాల పిల్లలు తరగతిలో ఉన్నారు. యుద్ధాలు, ఊచకోతలు ఉన్న పాఠాలు వారి ముందు చెప్పడం మంచిదేనా? (వెంకటాపురం పరిసరాల నుంచి)

జవాబు: 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైన తరువాత రెండు వైపుల హింసకు భయపడి గోదావరి వైపు అడవుల్లోకి వచ్చిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేర్చి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పినా, వచ్చినవారిలో చాలామంది తిరిగి వెళ్లలేదు. నేడు హైస్కూల్లో ఉన్న పిల్లలు ఆ సంవత్సరాలను స్వయంగా చూసి ఉండకపోవచ్చు, కానీ ఇంట్లోని భయం వారికి తెలుసు.

పాఠాన్ని దాచడం పరిష్కారం కాదు. దాచిన పాఠం ఆ పిల్లల బాధకు పుస్తకంలో చోటు లేదనే సందేశాన్ని ఇస్తుంది. చేయకూడనిది మాత్రం ఒకటుంది: ‘నీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పు’ అని అందరి ముందు నిలబెట్టి అడగడం. మనసు తట్టుకోలేనంత భయం కలిగించి, తరువాత కలల్లోనూ ఉలికిపాట్లలోనూ తిరిగివచ్చే అనుభవాన్ని మానసిక ఆఘాతం అంటారు. దానిని బలవంతంగా చెప్పించడం మేలు చేయదని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని స్పష్టం చేసింది. గమనించడం, వినడం, సాయం చేయగలవారితో కలపడం అనే మూడు పనులనే అది సూచిస్తుంది.

కనుక హింస ఉన్న పాఠం రాబోతోందని ముందురోజే చెప్పాలి. బయటికి వెళ్లాలనిపిస్తే అడగకుండానే వెళ్లవచ్చనాలి. వ్యాసంలో సొంత కుటుంబం గురించి కాక ఏ ఊరి గురించైనా రాసే వీలివ్వాలి. నిద్రలేమి, ఆకస్మికంగా చదువు వెనుకబడడం, ఎవరితోనూ కలవకపోవడం వారాల తరబడి కనిపిస్తే, 2022 అక్టోబరులో మొదలై రాత్రింబగళ్లు ఉచితంగా పనిచేసే టెలీ మానస్ 14416 నంబరుకు ఉపాధ్యాయులే ఫోను చేసి సలహా తీసుకోవచ్చు. పిల్లల మీద దౌర్జన్యం జరుగుతున్నట్టు తెలిస్తే 1098కి వెంటనే చెప్పాలి. ఉపాధ్యాయుడు వైద్యుడు కాడు, కావలసిన అవసరమూ లేదు. కానీ ఆ పిల్లవాడిని రోజూ చూసే చదువుకున్న పెద్దమనిషి ఆయనొక్కడే కావచ్చు.

ప్రశ్న: భద్రాచలంలో రామదాసు కథను చరిత్రగా చెప్పాలా, భక్తి కథగా చెప్పాలా? ఎలా చెప్పినా ఎవరో ఒకరు నొచ్చుకుంటున్నారు.

జవాబు: రెండుగానూ చెప్పవచ్చు, ఏది ఏదో చెప్పితే చాలు. తానీషాగా పేరుపొందిన అబుల్ హసన్ కుతుబ్‌షా 1672 నుంచి 1687 వరకు గోల్కొండను పాలించాడనడం, రామదాసుగా పేరుపొందిన, నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు అనడం చరిత్ర. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు గోపన్న బాకీ చెల్లించారనడం విశ్వాసం. కోయ స్త్రీ దమ్మక్కకు విగ్రహాలు దొరికాయనే కథ, భద్రాచలం గుడితో కొండవాసుల బంధాన్ని జనం ఎలా తలచుకుంటున్నారో చెప్పే మౌఖిక సంప్రదాయం. విశ్వాసాన్ని విశ్వాసమనడంలో అగౌరవం లేదు.

ప్రశ్న: పదో తరగతి తరువాత మనస్తత్వశాస్త్రం చదవాలంటే ఎలా? (ఆశ్రమ పాఠశాల విద్యార్థిని)

జవాబు: సీబీఎస్ఈ విధానంలో పదకొండు, పన్నెండు తరగతులకు ఇది ఐచ్ఛిక సబ్జెక్టు, అయితే ప్రతి బడిలోనూ ఉండదు కనుక చేరేముందే విచారించాలి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ సీనియర్ సెకండరీ కోర్సులోనూ ఉంది. అది దొరకకపోతే ఇంటర్‌లో చరిత్ర ఉన్న ఆర్ట్స్ గ్రూపు తీసుకొని, మనస్తత్వశాస్త్రం బోధించే కళాశాలలో బీఏ చేరవచ్చు. చికిత్స అందించే మనస్తత్వవేత్త కావాలంటే, ఆపైన భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు పూర్తిచేయాలి. దారి పొడవైనదే. కోయ తెలిసిన విద్యార్థిని అయితే ఆ భాషను ఈ చదువులో ఎక్కడా వదులుకోకూడదు. భయంతో రాత్రిళ్లు నిద్రపోని పిల్లతో ఆమె సొంత భాషలో మాట్లాడగల మనస్తత్వవేత్త అవసరం చర్ల నుంచి చింతూరు దాకా ప్రతి ఆశ్రమ పాఠశాలకూ ఉంది.