అనుమానం వస్తే ఆగుదాం

అడవిలో దారి తప్పిన మనిషి తాను తిన్నగానే నడుస్తున్నానని నమ్ముతాడు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు కొందరిని తెలియని అడవిలో గంటల తరబడి నడిపించి, జీపీఎస్‌తో వాళ్ల అడుగుల జాడ తీశారు. ఆ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఎండలో నడిచినవాళ్లు దాదాపు తిన్నగా వెళ్లారు. మబ్బు పట్టిన రోజు నడిచినవాళ్లు చుట్లు తిరిగారు. వాళ్లలో కొందరు తాము వచ్చిన దారినే మళ్లీ దాటుతున్నా గుర్తించలేదు.

కాబట్టి అడవుల్లో, కొండల్లో ధీమాను నమ్ముకోలేం. శేషాచలం అడవుల్లోకి ట్రెక్కింగ్‌కు వెళ్లిన ఓ స్నేహబృందాన్ని ఊహించండి. దారి చీలిన చోట వెనకున్నవాడికి అనుమానం వస్తుంది. ముందున్నవాడికి తెలిసే ఉంటుందిలే అని మొహమాటంతో ఊరుకుంటాడు. ముందున్నవాడికీ అనుమానమే. ఇప్పుడు ఆగితే నవ్వుతారని బింకంగా నడుస్తాడు. 'ఈ బండ పొద్దున చూసిందే' అంటూ మనసు దొంగసాక్ష్యాలు పుట్టిస్తుంది. కాసేపటికి అందరికీ సంగతి అర్థమవుతుంది. అయినా ఎవరో ఒకరు 'ఇంత దూరం వచ్చాం కదా' అంటారు. అడుగులు ఇంకా లోపలికే పడతాయి.

బుర్ర చల్లగా ఉన్నప్పుడు చేసుకున్న నిర్ణయాలే ఇలాంటప్పుడు అక్కరకొస్తాయి. ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో రాసిపెట్టండి. అటవీశాఖ అనుమతి ఉన్న దారుల్లోనే వెళ్లండి. జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు కానీ, మ్యాపు తెరుచుకోవడానికి కావాలి. అందుకని ఆ ప్రాంతం మ్యాపును ముందే ఫోన్‌లోకి దించుకోండి. టార్చి, విజిల్, పవర్‌బ్యాంక్, అవసరానికి మించిన నీళ్లు సంచిలో ఉండాలి. దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి చూడండి. వెళ్లేటప్పుడు కనిపించిన అడవి, వచ్చేటప్పుడు అలాగే కనిపించదు.

దారి తప్పారని తెలిశాక మొదట చేయాల్సిన పని కూర్చోవడం. నీళ్లు తాగండి. గాభరా కాస్త తగ్గనివ్వండి. ఖాయంగా తెలిసిన చివరి చోటు ఏది, అక్కడికి వెనక్కి వెళ్లే దారి నిజంగా గుర్తుందా అని ఆలోచించండి. గుర్తుంటే అందరూ కలిసే కదలండి. గుర్తులేకపోయినా, పొద్దు వాలుతున్నా ఉన్నచోటే ఉండిపోండి. ఒకచోట ఉన్న మనిషిని వెతకడం తేలిక. సిగ్నల్ దొరికితే 112కు ఫోన్ చేయండి. విజిల్‌ను మూడేసిసార్లు ఊదుతూ, మధ్యలో ఆగి చెవి పెట్టండి. వాగు వెంట దిగితే ఊరొస్తుందన్న సలహా శేషాచలం కొండల్లో ప్రమాదం. అక్కడి తలకోన జలపాతంలో నీళ్లు 270 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి. వాగు దిగినచోటల్లా మనిషి దిగలేడు.

'ఇంత దూరం వచ్చాం కదా' అన్న మాట కొండల మీదే వినిపించదు. ఇష్టం లేని కోర్సులో రెండో ఏడు ఫీజు కట్టేటప్పుడూ, నష్టాల వ్యాపారానికి మరో అప్పు తెచ్చేటప్పుడూ అదే అంటాం. నడిచిన దూరం దారి సరైనదనడానికి రుజువు కాదు. ఆగడమంటే ఓడిపోవడమూ కాదు. చదువైనా వ్యాపారమైనా కొన్నాళ్లు ఆగి, లెక్క చూసుకుని, ఆ దారిలోనే మళ్లీ నడవొచ్చు. అప్పుడు నడిపించేది బింకం కాదు, ఎరుక.

ఇలా ఆగడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అనుమానం చెప్పినవాణ్ని పిరికివాడని వెక్కిరించే బృందంలో ఎంత తెలివైనవాడైనా నోరు మూసుకుంటాడు. అందుకే ఈసారి ట్రెక్కింగ్‌కు బయల్దేరే ముందే ఒక మాట అనుకోండి: ఎవరికి అనుమానం వచ్చినా పైకి చెప్పాలి, చెప్పగానే అందరూ ఆగాలి, ఆ అనుమానం తప్పని తేలినా ఎవరూ నవ్వకూడదు. ఇంట్లో పిల్లలకూ, ఆఫీసులో కొత్తగా చేరినవారికీ ఇదే హామీ ఇవ్వగలిగితే మన తప్పులు చాలావరకు చిన్నగా ఉన్నప్పుడే దొరికిపోతాయి.