అన్నియు ఒకే దారిని పోరాదు: సాల్మన్ చేపలు నేర్పు పాఠము



ఉన్న పొలమంతటను ఒకే రకము విత్తనమును ఒకే దినమున చల్లిన రైతు, వాన అదనున పడినచో లాభపడును. తప్పినచో సర్వము కోల్పోవును. ఈ నియమము చేపలకును వర్తించునని ఉత్తర అమెరికా పడమటి తీరపు సాల్మన్ చేపలు తెలుపుచున్నవి.

సాల్మన్ మంచినీటి వాగులలో పుట్టి, సముద్రమునకు పోయి పెరిగి, గుడ్లు పెట్టుటకు తాను పుట్టిన నీటికే ఎదురీదుకొని వచ్చును. అలాస్కాలోని బ్రిస్టల్ బే అను అఖాతములో కలియు నదులందు సాకై అను రకపు సాల్మన్ విస్తారముగా కలదు. జాతి ఒకటే యైనను వాని నడవడి ఒకటి కాదు. పిల్లలలో కొన్ని ఒక సంవత్సరము, కొన్ని రెండు సంవత్సరములు సరస్సులో గడుపును. సముద్రములో కొన్ని రెండేండ్లు, కొన్ని మూడేండ్లు ఉండును. కొన్ని చిన్న వాగులలోను, కొన్ని సరస్సు ఒడ్డునను గుడ్లు పెట్టును. కావున ఒకే ఏట పుట్టినవి వేర్వేరు ఏండ్లలో తిరిగివచ్చును. ఒక ఏడు సముద్రములో మేత చెడినను ఆ తరమంతయు నశింపదు. ఒక నదిలో రాక తగ్గిన ఏట మరియొక నది ఆదుకొనును.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు సుమారు 50 సంవత్సరముల లెక్కలు పరిశీలించి 2010లో ఫలితములు ప్రకటించిరి. ఈ వైవిధ్యము లేక అన్నియు ఒకే మందగా ఉన్నచో, ఏటేటి రాకలోని హెచ్చుతగ్గులు రెండు రెట్లకు మించియుండెడివి. వేటను నిలుపవలసిన ఏండ్లు పది రెట్లు అయ్యెడివి.

కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నదీ ప్రాంతమున ఇందుకు భిన్నముగా జరిగినది. 1945లో పూర్తియైన షాస్టా ఆనకట్ట మొదలగునవి ఎగువ నీళ్లకు దారి మూసినవి. ఆ లోటు తీర్చుటకు పెంపక కేంద్రములలో పిల్లలను పెంచి వదలిరి. చేపలు చాలవరకు ఒకే తీరు అయ్యెను. 2005, 2006 సంవత్సరములలో సముద్రమున మేత కరువు రాగా, 2008, 2009లలో అచ్చటి సముద్రమున సాల్మన్ వర్తకపు వేటను మూసివేయవలసి వచ్చెను. బెస్తవారికి జీవనాధారము పోయెను.

అదే ప్రాంతమున మిల్, డీర్ అను వాగులున్నవి. చేప చెవిలోని చిన్న రాతిముక్కయందు, చెట్టు మ్రానులోని వలయములవలె, పెరుగుదల గుర్తులుండును. వీనిని చదివి 2021లో ప్రకటించిన విషయమిది: కరవు ఏండ్లలో బ్రతికి తిరిగివచ్చినవి ముఖ్యముగా, వేసవిని ఎగువ చల్లని నీటిలో గడిపి ఆలస్యముగా బయలుదేరిన పిల్లలే. మంచి ఏండ్లలో కొద్దిగా కనబడు ఈ ఆలస్యపు గుంపే చెడ్డ ఏట వంశమును నిలిపినది.

మన గోదావరి పులస వేరు కుటుంబపు చేప. అదియు వరదకాలమున సముద్రమునుండి నదికి ఎదురెక్కి గుడ్లు పెట్టును. కావున గ్రామోద్యోగులును, బెస్త సోదరులును ఈ విషయములు గమనింపవలెను:

1. ముందు వచ్చు గుంపునుగాని, వెనుక వచ్చు గుంపునుగాని పూర్తిగా పట్టివేయరాదు. ప్రతి గుంపులోను కొన్నింటిని గుడ్లకు వదలవలెను.

2. చిన్న కండ్ల వలలతో పిల్లలను పట్టరాదు.

3. చిన్న వాగు గదా యని పూడ్చివేయరాదు, మురికి వదలరాదు.

ఈ ఏడు అక్కరకు రానిదని తోచినదే వచ్చే ఏడు మనలను కాపాడవచ్చును. గాదెలో రెండవ రకము విత్తనము దాచుకొను రైతుకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.