చేతి కొలత: వంట నేర్చుకొనే చిరంజీవికి లేఖ



ఇంటి వంట అంటే ఇంట్లో వండినది అనేది పైకి కనిపించే అర్థం. ఒక నేలలో పండిన గింజను, ఆ నేలను నమ్ముకొని బతికినవారు తమ శ్రమకూ కాలానికీ తగినట్టు మలచుకొన్న విద్య అనేది అసలు అర్థం. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నుంచి చదువులకో ఉద్యోగాలకో హైదరాబాదు, బెంగళూరు, అమెరికా చేరినవారు అమ్మ తట్టిన జొన్నరొట్టెను, నాన్న గెలికిన సంకటిని ఆప్యాయంగా తలచుకొంటారు. ఆ తలపు మంచిదే గానీ, చేతికి రాని రుచి ఒక తరంతోనే ఆగిపోతుంది కాబట్టి, వంట నేర్చుకొనేవారు రుచితో పాటు దాని కారణాన్నీ తెలుసుకోవాలి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో, తేమను చాలాకాలం పట్టి ఉంచే నల్లరేగడి పొలాలలో జొన్న, శనగ పండుతూ వచ్చాయి. 19వ శతాబ్దంలో తవ్విన కర్నూలు-కడప కాలువ కింద వరి విస్తరించింది. 1906లో నెలకొన్న నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం ‘సూర్యనంది’ వంటి కొర్ర రకాలను రైతులకు అందించింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి ఎన్నో తరాల ముందే ఈ ప్రాంతపు ఇళ్లలో జొన్న, కొర్ర, రాగి రోజువారీ తిండిగా ఉండేవి.

జొన్నరొట్టె ఈ విద్యకు మొదటి పాఠం. గోధుమపిండికి సాగే గుణాన్నిచ్చే జిగురు జొన్నపిండిలో లేదు కాబట్టి, చన్నీళ్లతో కలిపితే రొట్టె అంచులు విరుగుతాయి. మరిగిన ఎసరు పోసినప్పుడు పిండిలోని గంజి కొంత ఉడికి, ముద్దను పట్టి ఉంచుతుంది. ఆ ముద్దను వేడి తగ్గకముందే అరచేతితో బాగా మర్దించి, పొడిపిండి చల్లిన పీటమీద తిప్పుతూ తట్టి, పెనం మీద వేశాక పైభాగాన్ని తడిగుడ్డతో అద్ది, తేమ ఆరగానే తిరగవేస్తే రొట్టె పొంగుతుంది. తట్టేటప్పుడు అమ్మ చేతి కింద వినిపించే ఆ సమమైన చప్పుడు రొట్టె అంతటా ఒకే మందంలో సాగుతున్నదనడానికి గుర్తు.

సంకటికి ఓర్పు, భుజబలం రెండూ కావాలి. మెత్తగా ఉడికిన బియ్యం లేదా నూకల మీద రాగిపిండిని కుప్పగా పోసి, కట్టెతో నడుమ గుంత చేసి, మూతపెట్టి సన్నని మంటమీద మగ్గనిచ్చి, ఆ తరువాతే గెలకాలి. పిండి ఉడకకముందే కలిపితే ఉండలు కట్టి పచ్చివాసన మిగులుతుంది. పెద్ద గిన్నెడు సంకటి గెలకడానికి బలం కావాలి కాబట్టి, కొన్ని ఇళ్లలో ఆ పని నాన్నది అయింది. వేయించిన చెనక్కాయలను మిరపకాయలు, చింతపండుతో రోట్లో నూరిన ఊరుబిండి, అంటే పల్లీల పచ్చడి, ఆ ముద్దకు సరిజోడు.

ఉదయపు పలహారంగా పేరుపడిన ఉగ్గాని బొరుగులతో, అంటే కోస్తావారు మరమరాలు అనే వాటితో చేసేది. కన్నడంలో తాలింపును ఒగ్గరణె అనడం, బళ్లారి వైపూ ఇదే వంట ఉండడం గమనిస్తే, రుచులకు భాషల సరిహద్దు లేదని తెలుస్తుంది. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే పిండేయాలి. ఆలస్యమైతే అవి మెత్తబడి ముద్దవుతాయి. ఉల్లి, పచ్చిమిర్చి తాలింపులో వాటిని కలిపి చివర చల్లే పుట్నాల పొడి మిగిలిన తడిని పీల్చుకొని కమ్మదనాన్నిస్తుంది; పక్కన మిరపకాయ బజ్జి లేనిదే అది నిండైన ఉగ్గాని కాదు.

పండుగ వంటలో పొదుపు కూడా ఒక కళ. భక్ష్యాల కోసం, అంటే బొబ్బట్ల కోసం, ఉడికించిన బేడలను, అంటే పప్పును, వార్చినప్పుడు వచ్చే కట్టు పారబోయక చారు కాస్తారు. బేడలను బెల్లంతో నూరి పూర్ణం చేస్తారు. అహోబిల నరసింహస్వామి కనుమనాడు పారువేటకు, అంటే వేట ఉత్సవానికి, బయలుదేరి, 40 రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో తిరిగే ఆ రోజులు ఇంటికి చుట్టాలు వచ్చే, ఇలాంటి పండుగ వంటలు కుదిరే రోజులు కూడా. చెంచులక్ష్మిని పెండ్లాడిన ఆ స్వామిని చెంచు గిరిజనులు తమ అల్లుడిగా భావిస్తారు కాబట్టి, దేవుడి రాక సైతం ఇక్కడ చుట్టరికమే అయింది.

ఈ వంటలకు కొలతలు లేవని అనుకోవడం పొరపాటు. మూడు వేళ్లకు అందేది చిటికెడు, పిడికిట పట్టేది గుప్పెడు, ఒక అరచేతి గుంతలో నిలిచేది చారెడు, రెండు చేతులు కలిపితే పట్టేది దోసెడు. అమ్మ చెప్పే ‘తగినంత’ అనే మాట వెనుక ఏళ్ల తరబడి కుదిరిన ఈ చేతి కొలతే ఉంటుంది. అది అడిగితే చెప్పగలిగేది కాదు, పక్కన నిలబడి చూస్తేనే పట్టుబడేది. కాబట్టి నేర్చుకొనేవారు ఈసారి ఊరికి వెళ్లినప్పుడు తినడానికి మాత్రమే కూర్చోక, పెద్దవారు పిడికిట తీసిన పిండిని గిన్నెలో పోయించి తూచి, ఎసరు ఎంతసేపు మరిగిందో చూసి రాసుకొని, తొలి రొట్టె విరిగినా మానక రెండోది తట్టాలి. అమ్మానాన్నల వంటకు చేయదగిన నిజమైన గౌరవం దానిని మరొకరికి వండిపెట్టగలగడమే.